మూతలు లేని రంపం మిషన్

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. మీ ఓడ ఏ రేవులో ఉన్నా మీరూ అలాగే ఉండాలని మా ఇద్దరి కోరిక.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది. అత్తయ్య మందులు వేసుకుంటున్నారు, డాక్టరును తిట్టుకుంటూనే. ఇక "ఆ ఇనప ముద్ద ఎంతవరకు వచ్చింది?" అని వెటకారంగా అడిగారు కదా, అది వివరంగానే రాస్తాను.

మూతపడ్డ కలప అడితి నుంచి నేను తెచ్చుకున్న ఆ పాతకాలపు రంపం మిషన్ ఇప్పుడు మన షెడ్డులో నిటారుగా నిలబడింది. కిందొకటి, పైనొకటి పెద్ద చక్రాలు. వాటిని చుట్టి రిబ్బనులా తిరుగుతుంది రంపం. బిగుసుకుపోయిన నట్లు కిరసనాయిల్లో నానీ నానీ చివరికి దారికొచ్చాయి. తుప్పంతా గీకితే కింద ఆకుపచ్చ రంగు బయటపడింది. బేరింగులు మార్చాను. నా గోళ్ల సంగతి మాత్రం అడక్కండి.

అత్తయ్య మొదట్లో షెడ్డు గడప తొక్కలేదు. "కుర్చీలు చేసుకోవడానికి చేతిరంపం చాలదూ? కొంపలోకి ఏనుగును తెచ్చి కట్టేసింది" అని పక్కింటావిడతో నాకు వినపడేలా అనేవారు. తర్వాత టీ ఇచ్చే వంకతో వచ్చి, స్టూలు వేసుకుని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇక, మీకు చెప్పొద్దని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్న సంగతి ఒకటుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

చక్రాలకు ఉండాల్సిన ఇనప మూతలు ఎప్పుడో పోయాయి. కొత్తవి చేయకుండానే, తిరుగుతుందో లేదో చూద్దామన్న ఆత్రంతో, దాంతోపాటు వచ్చిన పాత రంపాన్నే తగిలించి మీట నొక్కాను. చక్కగా తిరిగింది. చూద్దామని అత్తయ్య ముందుకు వంగారు. అంతలో రంపం పుటుక్కున తెగి ఎగిరింది. ఆవిడ భుజం మీది శాలువాను చీల్చుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. నేనే ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేశాను.

మర్నాడు పాత ఇనుము కొనే ఆయనకు కబురు పెట్టాను. ఆయన తాళ్లు పట్టుకుని వచ్చేసరికి అత్తయ్య షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఎవర్నడిగి అమ్ముతున్నావే?"

"మీ ప్రాణం పోయేదత్తయ్యా."

"పోలేదుగా! తొందరపడింది నువ్వైతే దాన్నెందుకు తరిమేస్తావు? ముందు మూతలు చెయ్యి. రేపు మావాడొచ్చి మిషనేదీ అంటే, నీ పెళ్లాం జడిసి అమ్మేసిందిరా అని నేను చెప్పలేను, అమ్మాయ్."

పాత ఇనుము ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

మందపాటి రేకుతో మూతలు చేశాను. కొత్త రంపం వేశాను. అంతా సరిచూసుకున్నా, మీట దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చేసింది. అత్తయ్య కాసేపు చూసి, లేచి వచ్చి, "జరుగు" అని తానే నొక్కారు.

రంపం సాఫీగా తిరిగింది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. కాసేపటికి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి నా చేతికన్నా ఎక్కువగా వణుకుతోంది.

ఇట్లు,
మీ అమ్మగారి అనుమతి లేకుండా ఇదంతా రాసిన
మీ భార్య