మీసాల బొమ్మ దగ్గర నా పరీక్ష

ఆగస్టు 17, శనివారం

ప్రియమైన వదినకి,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ నా పరువు తప్ప అందరం క్షేమం. నువ్వూ, అన్నయ్యా, ఆయన మోకాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెప్తే మధ్యలోనే నవ్వేస్తావు, అందుకే ఉత్తరం.

మా నర్సింగ్ కాలేజీకి కొత్త బొమ్మ వచ్చిందని చెప్పాను కదా. నిలువెత్తు మనిషి, తెల్ల మీసాలు. ఊపిరి పీలుస్తాడు, నాడి కొట్టుకుంటుంది, నొప్పెడితే మూలుగుతాడు. మేం తాతయ్య అంటాం. పక్కన అద్దాల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన్ని ఆడించేది నీ కూతురే. అది మైకులో మాట్లాడితే బొమ్మ నోట్లోంచి ముసలి గొంతు వస్తుంది. నా మేనకోడలే నాకు తాతయ్య కావడం ఏ జన్మ పుణ్యమో!

ఇకమీదట పాఠాలన్నీ ఈ బొమ్మతోనే చెప్పాలట. అందుకు టీచర్లం సిద్ధమో కాదో ముందు మాకే పరీక్ష. తప్పితే క్లాసు తీసేసి రికార్డుల గదిలో కూర్చోబెడతామంది ప్రిన్సిపాల్. ఇరవై నాలుగేళ్లు ప్రసూతి వార్డులో చేసి, ఆనక పదేళ్లుగా పాఠాలు చెప్తున్నదాన్ని. స్టూడెంట్లు లేని గదిలో నేనేం చెయ్యను వదినా? నిజంగా భయమేసింది.

నీ కూతురు రోజూ సాయంత్రం గంటసేపు నేర్పింది. మొదటి రోజు నాడి దొరక్క, ప్రాణం పోయిందని తాతయ్య మీద దుప్పటి కప్పేశాను. స్విచ్ వెయ్యలేదత్తా అంది. రెండో రోజు ఆయన మూలుగుతుంటే పాపమని నోట్లో నీళ్లు పోశాను. లోపల ఏ తీగ తడిసిందో, రెండు రోజులు మాట పడిపోయింది.

నిన్న పరీక్ష. గుండెపోటు వచ్చిన మనిషిని ఎలా చూసుకోవాలో పిల్లలతో చేయించాలి. పరీక్ష పెట్టేవాళ్లు ఇద్దరు. ఒకాయన నా పక్కన, ఒకావిడ కాఫీ కప్పుతో అద్దాల గదిలో. తాతయ్య ఛాతీ నొప్పన్నాడు. ఆక్సిజన్ పెట్టించాను, పిల్లలు టకటకా చేస్తున్నారు. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను. అంతలో తాతయ్యకి డోకొచ్చింది. గుండెపోటులో అదీ మామూలే. కానీ వెంటనే, ఆ కాఫీ కప్పు కాస్త అవతల పెట్టండమ్మా అని బతిమాలాడు. మా గదిలో కాఫీ ఎక్కడిది?

నా నోరు ఆగితేగా! మీసాల మీదికి వంగి, నెల తప్పి ఎన్నాళ్లయింది తల్లీ అని అడిగేశాను.

గదంతా గొల్లుమంది. ఒక పిల్ల నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. అద్దాల గదిలో మైకు మాత్రం టక్కున ఆగిపోయింది. ఆ ప్రశ్న ఏమిటని నా పక్కనున్న పరీక్షాయన నిలదీస్తే, ప్రసూతి వార్డు అలవాటండీ అన్నాను. ముందు రోగి ఆడో మగో గుర్తుపట్టడం నేర్చుకోవాలి అని ఎర్ర సిరాతో రాసి, ఫెయిల్ చేసి పోయాడు. ఒక్క ముక్క చెప్పి ఉంటే బయటపడేదాన్ని. చెప్పలేదు. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

మళ్లీ పరీక్ష నెల తర్వాత. సోమవారం నుంచి రికార్డుల గది. అటెండర్‌తో సహా అందరూ నన్ను చూసి లేని మీసాలు దువ్వుతున్నారు.

ఫెయిలైన పంతులమ్మ,
నీ ఆడపడుచు

తా.క.: వదినా, నుంచుని చదువుతుంటే కూర్చో. ఆ డోకు తాతయ్యది కాదు, నీ కూతురిది. మూడో నెల. పోయినసారి అందరికీ చెప్పుకున్నాక నిలవలేదు కదా, ఈసారి గుండె చప్పుడు వినేదాకా ఎవరికీ చెప్పనని దాచుకుంది పిచ్చిది. దాచుకున్న మాటని నేను నలుగురిలో ఎలా విప్పుతాను? ఇవాళ పొద్దున నేనే స్కానింగ్‌కి తీసుకెళ్లాను. ఇద్దరం విన్నాం, ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు అమ్మకి రాయి అత్తా అంది. టకటకా కొట్టుకుంటోంది వదినా, ఎవరూ ఏ స్విచ్చూ వెయ్యకుండానే.