వేలి కణుపు దాకా నీళ్లు

విన్నిపెగ్, కెనడా, అక్టోబరు

ప్రియమైన నా జోవెలిన్‌కు,

క్షేమంగా చేరాను. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను మూగనైపోతాను. అందుకే రాస్తున్నాను.

మొదటి రోజు నేను క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలందరూ టీచరమ్మ అనుకుని సర్దుకుని కూర్చున్నారు. నేను వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటే నవ్వారు. అసలు టీచరు నీ ఈడుది. హైస్కూలుతో ఆగిన చదువును యాభయ్యో ఏట మళ్లీ పట్టుకోవడం కష్టంగానే ఉంది. అయినా రోగులకు సేవ చేసే పని నేర్పమని దేవుణ్ని అడిగింది నీకంటే చిన్న వయసులో. ఆయన ఇప్పటికి విన్నాడు.

ఈ ఇంట్లో నాతోపాటు అద్దెకుండే నలుగురూ మన ఫిలిప్పీన్స్ పిల్లలే. వంటగది ఒక్కటే. నేను రాగానే, పెద్దవాళ్లకి మొక్కే మన పద్ధతిలో నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నారు. పిన్నీ అంటారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి పంది మాంసంతో చింతపండు పులుసు కాచాను. అన్నం కుండలో వేలు ముంచి నీళ్లు చూస్తుంటే డొమినిక్ అనే కుర్రాడు "అచ్చం మా అమ్మే" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. రోజూ వండమంటున్నారు. పాపం, పిల్లలు.

నీ కోసం జపమాల తిప్పే,
అమ్మ

ఓటన్, ఫిలిప్పీన్స్, నవంబరు

ప్రియమైన అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, అమ్మా,

వాళ్లు పాపం పిల్లలా? మరి నేనెవర్ని? తెల్లవారకముందే లేచి నాన్నకీ తమ్ముడికీ వండిపెట్టి మందుల షాపులో పనికి పరుగెత్తుతున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ చేతులు కడుక్కుని బల్ల ముందు సిద్ధంగా ఉంటారు. మొన్న అన్నం కాస్త మెత్తబడితే నాన్న పళ్లెం పక్కకి తోసి, మీ అమ్మ అన్నం ఇలా ఉండేది కాదన్నాడు. ఇంత మీసం వచ్చిన జోమర్, "అక్క బంక ఉడికించింది, గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు" అని నవ్వాడు.

ఈ వయసులో మీ అమ్మకు చదువేమిటని వీధిలో అడిగినవాళ్లందరితో నీ తరఫున పోట్లాడుతున్నాను. నువ్వేమో అక్కడ నలుగురికి గరిటె తిప్పుతున్నావు. సముద్రం దాటి వెళ్లింది ఇంకో పొయ్యి వెతుక్కోవడానికా?

కోపంతో, అయినా నీ
జోవెలిన్

విన్నిపెగ్, డిసెంబరు

ప్రియమైన తల్లీ,

పరీక్ష తప్పాను. ఇంకొకటి తప్పితే సీటు పోతుంది, ఇంటికి పంపేస్తారు.

పరీక్ష ముందురోజు డొమినిక్ పుట్టినరోజు. నేను పుస్తకం తెరిచాను. ఆ నలుగురిలో ఒకతె, క్రిస్టెల్, తలుపు తీసి, స్నేహితులు కూడా వస్తున్నారు పిన్నీ, పెద్ద కుండ పెట్టమంది. అడగలేదు, చెప్పింది. వండాను. గిన్నెలు తోముతుంటే హాల్లోంచి వినబడింది: "పిన్ని ఉండగా మనకి హోటలెందుకురా." అందరూ నవ్వారు.

వాళ్లు మంచి పిల్లలే. అదే నాకు మండుతోంది. చెడ్డవాళ్లయితే తిట్టడం తేలిక. ఈ కోపం తీసెయ్యమని ప్రార్థిస్తున్నాను. మోకాళ్ల మీద ఉండి కూడా పళ్లు కొరుకుతున్నాను.

అమ్మ

ఓటన్, జనవరి

అమ్మా,

వచ్చెయ్. ఎలాగూ వంటే చేసేటట్టయితే ఇక్కడే చెయ్యి, చలైనా ఉండదు.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఇలోయిలో నగరంలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం ఇస్తామన్నారు, ఉండడానికి గది కూడా. నాన్నకు చెప్తే టీవీ మీంచి చూపు తిప్పకుండా "మరి వంట?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. రాలేనని ఆసుపత్రికి రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు. నువ్వు వదిలిన గరిటె నా చేతికొచ్చింది, అమ్మా. పోనీలే, నువ్వైనా తప్పించుకున్నావనుకున్నాను. నువ్వు అక్కడ ఇంకోటి పట్టుకున్నావు. అది మాత్రం క్షమించలేను.

జోవెలిన్

విన్నిపెగ్, ఫిబ్రవరి

నా బంగారు జోవెలిన్‌కు,

నీ ఉత్తరం చదివి చర్చికి వెళ్లాను. ఈసారి కోపం తీసెయ్యమని అడగలేదు. ఇన్నిసార్లు అడిగినా పోలేదంటే ఆయనే పంపి ఉంటాడు.

ఇంటికొచ్చి నాకొక్కదానికి వండుకుని, తిని, నా పళ్లెం కడుక్కుని, బల్ల మీద పుస్తకం తెరిచాను. పిల్లలొచ్చి మూతలు తీసి చూశారు. క్రిస్టెల్ ఒంట్లో బాగాలేదా పిన్నీ అంది. బాగానే ఉంది, రేపు పరీక్ష అన్నాను. డొమినిక్ మొహం ముడుచుకుని, "మా అమ్మయితే ఇలా చేసేది కాదు" అన్నాడు.

"మీ అమ్మని ఇక్కడికి రప్పించు నాయనా. నా పక్క బెంచీ ఖాళీగానే ఉంది. ఆమె కూడా చదువుకుంటుంది."

నా గొంతు పెరగలేదు. చివరికి అతనే బియ్యం కడిగి, నీళ్లెన్ని అని గొణిగాడు. వేలు ముంచమన్నాను. అన్నం మాడింది. వాసన ఇల్లంతా పట్టింది. నేను లేవలేదు.

పరీక్ష పాసయ్యాను. క్రిస్టెల్ ఇంకా సరిగా మాట్లాడడం లేదు, మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడుతుంది.

ఆ రాలేనన్న కాగితం చింపెయ్యి. వస్తున్నానని రాసి ఈరోజే పంపు. నేను ఆ గరిటెను కింద పెట్టి రావలసింది, నీ చేతికి రానిచ్చాను. దాన్ని నువ్వు పెట్టెయ్యి.

ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించు. కడిగిన బియ్యం మీద వేలు ఆనిస్తే నీళ్లు మొదటి కణుపు దాకా రావాలి, అంతే విద్య. ఆయన వేలికీ కణుపులున్నాయి. పెళ్లినాడు ఉంగరం తొడిగినప్పుడు నేనే చూశాను.

నీ అమ్మ,
మెర్లిటా