మోకాలి మీద అక్షరాలు

అమ్మాయీ,

ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేమిటనుకోకు. ఫోన్ మోగితే చాలు, నీ కూతురు పిచ్చుక వచ్చి నా ఒళ్లో వాలుతుంది. అది వినకూడని మాట ఒకటి చాలా రోజులుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. అందుకే పెన్ను పట్టాను. అత్తయ్య ఆశీస్సులు అందుకో. దేవుడు చల్లగా చూస్తున్నాడు, ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. ఆ ఆసుపత్రి గోడల మధ్య నిన్నూ అలాగే చూడమని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

పిచ్చుకకు నువ్వు రాసిన ఉత్తరం అడుగున నన్ను అడిగినవాటికి ముందు జవాబులు. మీ ఆయన వేళకే తింటున్నాడు. నీ చేతి వంటకు అలవాటుపడ్డ నాలుక, పాపం, నా వంటను ఓర్చుకుంటోంది. నా మోకాళ్లు మెట్లు ఎక్కేటప్పుడు తిడుతున్నాయి, దిగేటప్పుడు ఇంకాస్త గట్టిగా తిడుతున్నాయి. నువ్వు రాసిన మాత్ర వేసుకుంటున్నాను. ఇక పిచ్చుక డిక్టేషన్ పరీక్ష సంగతి అడిగావు. దానికి జవాబు ఒక్క మాటలో రాయలేను, ఓపిగ్గా చదువు.

నర్సు శిక్షణకు వెళ్తూ నువ్వు అప్పగించిన పని నేను ఒక్క సాయంత్రమూ మానలేదు. ఎదురెదురుగా చాప మీద కూర్చుంటాం. నేను మాట చెబుతాను, అది రాస్తుంది. అన్నీ ఒప్పే. ఆ సంగతి ఫోన్‌లో నీకు ఎంత గర్వంగా చెప్పేదాన్నో. బడిలో మాత్రం ఒకటీ అరా తప్ప అన్నీ తప్పులు. బడిలో భయపడుతోందేమోలే అనుకున్నాను.

ఒక సాయంత్రం దాని గౌను చిరిగితే కుడుతూ మాటలు చెప్పాను. పిచ్చుక పెన్సిల్ కదపలేదు. కాగితం వంక చూడకుండా నా ఒళ్లోకి చూస్తోంది.

"నానమ్మా, కుట్టడం ఆపి చెప్పు."

"చెప్పేది నోటితోనే కదే. నా చేతులతో నీకేం పని?"

"నువ్వు ఊరికే కూర్చుంటేనే నాకు వస్తాయి."

మర్నాడు చేతులు కట్టుకుని చెప్పాను. ఒక్కటీ రాలేదు. చేతులు విప్పి మోకాలి మీద పెట్టుకున్నాను. గబగబా రాసేసింది. అప్పుడు కిందికి చూసుకుందును కదా, నోరు మాట పలుకుతుంటే నా వేలు దానంతటదే మోకాలి మీద ఆ మాటను రాస్తోంది. ఇసుకలో వేలితో దిద్ది అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ అలవాటు నాలో ఉండిపోయిందని ఇన్నేళ్లూ నాకే తెలియదు. ఎదురుగా కూర్చున్న ఈ పిల్ల తలకిందులుగా కనిపించే ఆ రాతను చూసి, తిరగేసి కాగితం మీద పెడుతోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు తెలిసిపోయిందని ఈనాటికీ దానికి తెలియదు.

టీచరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "పెద్దమ్మగారూ, మీ పిల్లకు తెలివికి కొదవ లేదండీ. కంటితో ఎత్తుకుంటోంది, చెవితో విడదీయడం ఇంకా రాలేదు. మాటను ముక్కలు చేయించండి. రాసిందాన్ని తననే పైకి చదవనివ్వండి. తప్పులు పదేసిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు" అంది.

ఇప్పుడు మాటలు తగ్గించాం. నేను నెమ్మదిగా పలుకుతాను, అది తిరిగి పలికి చప్పట్లతో ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్కకూ చాప మీద ఒక గుండీ పెడుతుంది, ఆ తరవాత రాస్తుంది. ఒక్క మాటకే పొద్దు గూకుతుంది. నా ఓపిక అడుగంటిపోతోందమ్మా, నీ దగ్గర దాచను. మీ ఆయన అటుగా వెళ్తూ, "నాకు మాత్రం ఒత్తులు సరిగ్గా వచ్చి ఏడ్చాయా, పిల్లనిచ్చారు కదా" అంటాడు. వాడికి వేళాకోళం. కానీ మొన్న పిచ్చుక 'చెపులు' అని రాసి, పైకి చదువుకుని, తనే ఆగిపోయింది. "నానమ్మా, ఈ చెప్పులు తెగిపోయినట్టున్నాయి" అని కింద ఒత్తు పెట్టుకుంది. నా చేతులు అప్పుడు కట్టుకునే ఉన్నాయి.

అయినా పరీక్ష దీనికోసం ఆగదు కదా. పోయింది. ఈ ఏడు ఇదే తరగతిలో ఉంచితే మంచిదని, పైకి పంపితే పాఠాలన్నీ కొండలైపోతాయని టీచరమ్మ చెప్పింది. మీ ఆయన, "నువ్వెలా అంటే అలాగే అమ్మా" అన్నాడు. నేను సరేనన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. అడిగితే పెట్టె సర్దుకుని వచ్చేస్తావని భయం. "తల్లి తన చదువు కోసం వెళ్లి పిల్ల చదువు పాడుచేసింది" అని నలుగురూ అనకముందే నిన్ను నువ్వు అనుకుంటావు. నీ గుణం నాకు తెలియదా.

రాకు అమ్మాయీ. కోపం వస్తే తిట్టు, పడతాను. రావడం మాత్రం వద్దు. నువ్వు లేనందుకు కాదు దానికి రానిది, నేను నేర్పిన దారి దానిది కాకపోవడం వల్ల. ఇంత ఆలస్యంగానైనా దారి దొరికింది. నీకూ ఇంకో ఏడాది ఉంది, దానికీ ఏడాది చాలు. మీరిద్దరూ గట్టెక్కేదాకా ఈ చాప మీద కూర్చునే శక్తి ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాను. ఇంకేమీ అడగడం లేదు.

ఈ కాగితాలు నీ దగ్గరే భద్రంగా ఉంచు. పిచ్చుకకు మాత్రం చూపించకు. తనకు వచ్చిందంతా తనే నేర్చుకున్నాననుకోనీ. చదవడం ఎలాగూ వచ్చేస్తుంది దానికి, అందుకే ముందే చెబుతున్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి చదువులకూ కాపలా ఉన్న
అత్తయ్య