తూము తెరవవద్దని, మా రిజిస్టరును నమ్మవద్దని

తూములు, గట్ల విభాగం అధికారి గారి సముఖమునకు,
మడుగు సంరక్షణ సంఘం తరఫున, బట్టలు కుట్టుకుని బతికే సభ్యురాలు వ్రాసుకొను అర్జీ.

తేది: శుక్రవారం, మధ్యాహ్నం.

అయ్యా,

విషయం: వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు మడుగు తూము ఎత్తి నీరంతా వదలవలెనన్న తమ ఉత్తర్వును ఆరు వారాలు నిలుపుదల చేయుమని కోరుట గురించి, మరియు ఈ సీజనులో మేము తమకు పంపిన వారపు లెక్కలన్నియు అబద్ధములని ఒప్పుకొనుట గురించి.

1. మేము పదకొండు మందిమి. జీతం, బత్తెం లేవు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, మేము ఆరేళ్లుగా ప్రతి ఆదివారం అడుసు తొక్కుతూనే ఉన్నాము. గుర్రపుడెక్క పీకుతాము, కవర్లు ఏరుతాము, కుక్కలను తోలుతాము, పక్షులను లెక్కపెట్టి రిజిస్టరులో రాసి నకలు తమ కార్యాలయానికి పంపుతాము. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆ రాత పని నాకు అప్పగించారు. కావున ఈ పాపంలో పెద్ద వాటా నాదే అని మనవి.

2. మడుగులో పూడిక తీయించమని గత మూడేళ్లలో తమకు ఏడు అర్జీలు పెట్టుకున్నది కూడా మేమే. ఒక్కదానికీ జవాబు లేదని తమరిని అనరాని మాటలు అన్నాము. ఇప్పుడు తమరు దయతలచి పూడిక తీతకే నీరు వదలమన్నారు. వద్దని కాళ్లు పట్టుకుంటున్నదీ మేమే. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వాక మిగతాది చదవండి.

3. నిరుడు నిజమే రాశాము. మునుగుడుకోళ్లనే నీటిపిట్టలు నలభై ఒక్క గూళ్లు పెట్టాయని, తూర్పు వైపు తుంగలో ఉన్నాయని, గుడ్లు ఎన్నో కూడా రాశాము. ఆ కాగితాన్ని తమ కార్యాలయం వారు సంతోషించి గేటు దగ్గర బోర్డుకు అంటించారు. నాలుగు రోజుల్లో జనం తండోపతండాలుగా వచ్చారు. కెమెరాలవాళ్లు నడుముల్లోతు నీళ్లలోకి దిగారు. గుడ్లు ఏరుకుపోయేవాళ్లు సంచులతో దిగారు. ఐదో రోజు నేను రిజిస్టరులో "గూళ్లు: లేవు" అని రాశాను. అది కూడా నిజమే.

4. ఈ ఏడు పిట్టలు మళ్లీ వచ్చినప్పుడు మేము పదకొండు మందిమీ మా కుట్టుమిషన్ గదిలో కూర్చుని ఒట్టు వేసుకున్నాము. ఎవరడిగినా లేవనాలి. కాగితం మీద కూడా లేవనే ఉండాలి. నర్సుగా పనిచేసే మా ఆడపడుచు ఒక్కతే, "ఆఫీసు వాళ్లకైనా చెప్పాలి వదినా, రేపు మనకే చుట్టుకుంటుంది" అంది. "ఆఫీసుకి చెబితే బోర్డుకి చెప్పినట్టే" అని దాని నోరు మూయించింది నేనే. ఆ మునుగుడుకోడి కూడా మేతకు పోయేముందు గుడ్ల మీద నాచు కప్పి పోతుందండీ. మేము చేసింది అదే అనుకున్నాము. తొమ్మిది వారాలు, తొమ్మిది కాగితాలు, గుండ్రటి దస్తూరీతో "లేవు".

5. గత బుధవారం తమ విభాగం ఇంజనీరు గారు స్థల పరిశీలనకు వచ్చారు. మెడలో కెమెరా ఉంది. ఆ వేళ గట్టు మీద కాపలా ఉన్నది మా కరెంటు బాబాయి. కరెంటు స్తంభాలెక్కి రిటైరైన మనిషి, మాట మీద నిలబడే మనిషి. ఇంజనీరు గారని ఆయనకు తెలియదు. వారి మధ్య జరిగిన సంభాషణను బాబాయి చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను:

"పెద్దాయనా, ఇక్కడ పిట్టలేమైనా గూళ్లు పెట్టాయా?"

"పిట్టలా! ఇంకా ఎక్కడి పిట్టలు బాబూ! దోమలు తప్ప ఏం లేవు. కావాలంటే రండి, చూపిస్తా."

అని వారిని పడమటి మూలకు, మురుగు పైపు పడేచోటికి తీసుకుపోయాడు. అక్కడికి కూడా తుంగలోంచి పిల్ల అరుపు వినిపించిందట.

"ఆ చప్పుడేంటి?"

"కప్ప బాబూ."

బాబాయి సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఒకణ్ణి తెలివిగా పంపించేశానమ్మాయ్" అని మురిసిపోయాడు. గురువారం గేటుకు తమ ఉత్తర్వు అంటించారు. అందులో "సంఘం వారి రిజిస్టరు ప్రకారమును, స్థానికుల వాంగ్మూలం ప్రకారమును, కప్పలు మినహా ఎట్టి జీవ సంచారము లేనందున" అని ఉంది. చదివినప్పటి నుంచి ఆయన తూము పక్కన కూర్చున్నాడు. అన్నం తీసుకుపోతే, "నా నోటితో నేనే చంపానమ్మా వాటిని" అంటున్నాడు. ఆయనకు డెబ్బై ఒక్క ఏళ్లు, షుగరు. మా ఆడపడుచు బతిమాలి నాలుగు ముద్దలు తినిపించింది.

6. ఈ ఉదయం తమ కార్యాలయానికి వచ్చాను. తమరు మీటింగులో ఉన్నారన్నారు. కిటికీ దగ్గరున్న గుమాస్తా గారు మర్యాదస్తులే, వారి మీద నాకు ఫిర్యాదు లేదు.

"లేవని మీరే రాశారు కదమ్మా. లేనివాటి కోసం పని ఎలా ఆపుతాం?" అన్నారు.

"ఒక్కసారి మళ్లీ వచ్చి చూడండి బాబూ."

"చూశాం కదా. మీ మనిషే చూపించాడు."

"అది అబద్ధం. భయపడి చెప్పాం."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఏంటమ్మా గ్యారంటీ?"

అయ్యా, మెట్లు దిగి, మీ స్కూటర్ల షెడ్డు దగ్గర నిలబడి ఏడ్చాను. ఇది అర్జీలో రాయకూడదని తెలుసు. ఆ తర్వాతే ఈ కాగితం కొనుక్కొచ్చాను.

7. నీరు వదిలితే ఏమగునో విన్నవించుకుంటున్నాను. ఈ గూళ్లు కొమ్మల మీద ఉండవు. తుంగకు కట్టిన తెప్పల్లా నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. నీరు తగ్గితే అవి కూడా దిగి దిగి బురదలో కూర్చుంటాయి. అప్పుడు కుక్కకు ఈత రానక్కర్లేదు, నడిచి వస్తే చాలు. పుట్టిన పిల్లలు తల్లి వీపెక్కి తిరుగుతున్నాయి. నీళ్లలో మునిగి తప్పించుకోవడమే వాటికి తెలిసిన విద్య. నేల మీద ఆ తల్లి నాలుగడుగులు కూడా సరిగా వేయలేదు. సోమవారం పదింటికి తూము లేస్తే మంగళవారం సాయంత్రానికి అంతా అయిపోతుంది. నిరుడు ఐదు రోజులు పట్టింది.

8. ప్రస్తుతం తుంగలో పంతొమ్మిది గూళ్లు ఉన్నవి. ఏ గూడు ఎక్కడో చూపే పటం జతపరచడమైనది. ఈ పటం ఇంతవరకు మా పదకొండు మంది చేతులు దాటలేదు. మా ఇళ్లలో వాళ్లు కూడా చూడలేదు. చూసిన తర్వాత దయచేసి బోర్డుకు అంటించవద్దు.

9. తప్పుడు లెక్క రాసినందుకు నా మీద ఏ చర్యయైనా తీసుకోండి. సంఘం నుంచి తీసేయండి, మడుగు గేటు లోపలికి అడుగు పెట్టనివ్వకండి. నేను సంతకం పెడతాను. పూడిక కూడా తప్పక తీయండి, పిల్లలు పెరిగాక, ఆరు వారాల తర్వాత మేమే తట్టలు పట్టుకుని వస్తాము. అబద్ధం ఆడింది మనుషులు. శిక్ష పిట్టలకు వేయకండి.

కావున తమరు ఈ విన్నపమును చిత్తగించి, సోమవారం లోపల ఎవరినైనా మరొకసారి పంపి, అంతవరకు తూము తాళమును తమ సొరుగులోనే ఉంచవలెనని వేయి దండములతో ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
లెక్కలు రాసిన మనిషి

తా.క.: సార్, కవరు అంటించాక మళ్లీ చింపాను. పైన ఎనిమిదో అంశంలో పంతొమ్మిది గూళ్లు అని రాశాను. అది కూడా అబద్ధమే. ఇరవై ఏడున్నాయి. మీ దగ్గర కూడా ఎనిమిది దాచుకున్నాను. ఎందుకని అడగకండి, చెయ్యి రాలేదు. మీరు నమ్మకపోయినా, ఎవరైనా ఈ పటం పట్టుకుని వెళ్లినా, ఆ ఎనిమిదైనా మిగులుతాయని పిచ్చి ఆశ. కవరుకు జిగురు పూస్తుంటే తెలిసొచ్చింది. నీళ్లు పోయేటప్పుడు మేం చెప్పిన గూడు, చెప్పని గూడు అని చూసుకుంటూ పోవు కదండీ. ఆ ఎనిమిదీ పటంలో ఎర్ర పెన్సిలుతో ఇప్పుడే పెట్టాను. ఇంక నా దగ్గర దాచింది ఏమీ లేదు. తూము తెరవకండి సార్.