రక్తం ఎటు పోతుంది?

ప్రియమైన తమ్ముడికి,

ఫోనులో అడిగితే "బాగానే ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు కుర్చీల వెనక నిలబడి జనం జుట్టు కత్తిరించానా, దాని ఫలం ఎడమ కాలు చూపిస్తోంది. పిక్క మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బండరాయే.

మొన్న డాక్టరమ్మ కాలికి చల్లటి జెల్ రాసి స్కాన్ చేసింది. పిక్క నొక్కితే తెర మీద రక్తం పైకి ఎగబాకింది, వదలగానే కిందికి జారిపోయింది. "సిరల్లో చిన్న తలుపులుంటాయి. రక్తం పైకి పోగానే మూసుకోవాలి. మీవి మూసుకోవడం లేదు" అంది. ఆ సిరనే లేజరుతో లోపల మూసేస్తారట. నాకు భయం కంటే వింతగా ఉంది.

నువ్వు మా మెట్లెక్కి రెండేళ్లయింది. ఎప్పుడు చూసినా పని, పని. జవాబైనా రాయి.

నీ మీద అలిగిన అక్క

*

ప్రియమైన అక్కకి,

మెకానిక్కుని అడక్కుండానే రిపేరుకి ఒప్పుకున్నావా? నీ తలుపులు మా పంపుల్లో ఫుట్ వాల్వు లాంటివే. అది పాడైతే ఎక్కిన నీళ్లన్నీ దిగిపోతాయి. కానీ మేం వాల్వు మారుస్తాం, గొట్టం మూసెయ్యం! సిర మూసేస్తే రక్తం ఎటు పోతుంది? తప్పకుండా అడుగు. పూర్తి మత్తిస్తారా? ఎన్నాళ్లు మంచం? చీలమండ పైన పుండుంటే ముందు అది మానాలా, సిర మూశాకే మానుతుందా? పుండు ముదిరితే కాలు తీసేస్తారా? అన్నీ వివరంగా రాయి.

పని ఒత్తిడి. ఇప్పట్లో రాలేను.

నీ తమ్ముడు

*

ప్రియమైన ఇంజనీరుగారికి,

అయిపోయింది! తొడ పొడవునా మత్తు సూదులు గుచ్చారు. అవే కాస్త చురుక్కుమన్నాయి. తర్వాత సన్నటి తీగ లోపలికి పోనిచ్చి, వెనక్కి లాగుతూ సిరను మూసుకుంటూ వచ్చారు. ముప్పావుగంట పట్టింది. బిగుతు మేజోడు తొడిగి "ఇక నడవండి" అన్నారు. మంచమేమీ లేదు, నడిచే ఇంటికొచ్చాను.

నీ ప్రశ్నకి డాక్టరమ్మ నవ్వింది. "ఇది పక్క సందు లాంటిది. రాజమార్గం లోపలి పెద్ద సిరలే. పాడైన సందు మూస్తే రక్తం అటే పోతుంది" అంది.

ఇప్పుడు నా ప్రశ్న. నాకు పుండు లేదు. ఉందని నేను రాయనూ లేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నావేంరా? పుండు సంగతీ అడిగాను. "సరిగ్గా కట్టు కడితే చాలావరకు మానిపోతాయి. దాచుకుంటేనే ముదురుతాయి" అంది. ప్యాంటు పైకి లాగి, ఏముందో ఉన్నదున్నట్టు రాయి.

అక్క

*

ప్రియమైన అక్కా,

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. తిట్లేమైనా ఉంటే ఈలోపే తిట్టేసుకో.

నీ ఉత్తరం వచ్చాక పది వారాలు ఫోనులో మాట దాటేశాను, నువ్వొస్తానంటే వద్దన్నాను. పని ఒత్తిడి అబద్ధం. రెండేళ్ల క్రితం కుడి చీలమండ పైన పంపు అంచు గీరుకుంది. మానలేదు. తర్వాత వాసన మొదలైంది. నీ పక్కన కూర్చుంటే పసిగట్టేస్తావని రావడం మానేశాను. కాలు తీసేస్తారని ఆస్పత్రి గడప తొక్కలేదు.

నీ ఉత్తరం చదివిన మర్నాడే వెళ్లాను. కాలికి రక్తం సరిగ్గా దిగుతోందో లేదో ముందు కొలిచారు. అది బాగుంటేనే బిగుతు కట్టు కట్టాలట. నాలుగు పొరల కట్టు, వారం వారం మార్చారు. పాడైన సిర మూసుకుపోవడానికి దానిలోకి నురుగు మందు ఎక్కించారు. తెర మీద ఆ నురుగు తెల్లగా పాకుతుంటే ఆగలేక లేచి కూర్చున్నాను.

"ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తుంది?"

"ముందు మీరు పడుకుంటే తెలుస్తుంది" అంది నర్సమ్మ.

ప్రతివారం ఆమె పుండు కొలిచి రాసుకునేది. ఇవాళ కట్టు విప్పి, స్కేలు తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"ఏమైంది?"

"కొలవడానికేం లేదండీ."

వంగి చూశాను. లేత గులాబీ రంగు చర్మం, అంతే. నమ్మకం కుదరక వేలితో తాకాను. తడి లేదు. "ఒకసారి కొలవండి, సున్నా అని రాయండి" అన్నాను. ఆమె కొలిచి, రాసి, కాగితం నాకు చూపించింది.

నీ తమ్ముడు