గణపతి హెల్మెట్‌కు అద్దం

12 ఆగస్టు 1984
ఈ నెల రంగులు వేయమని ఒక్క ఫొటో కూడా రాలేదు. అందరికీ కలర్ ఫిల్మే కావాలి. ఇరవై ఏళ్లు నలుపు తెలుపు పెళ్లికూతుళ్ల చీరలకు రంగులద్దిన చెయ్యి... స్టూడియోలో ఈగలు తోలుతోంది.

సాయంత్రం మండపం పెట్టే శ్రీను వచ్చాడు. "ఈసారి గణపతి అంతరిక్షంలకు పోతుండన్నా. హెల్మెట్ అయింది. ముంగట బంగారు రంగు అద్దం నువ్వే చెయ్యాలె."
తొండం ఎక్కడ పెడతారని అడిగాను. ఆ సంగతి ఆలోచించలేదట.

14
తొండం పైదాకానే అద్దం. కళ్లు కప్పితే చాలు. దవాఖానలో పారేసే ఎక్స్‌రే ఫిల్ములు అడిగి తెచ్చాను.
సుశీల మొహం చిట్లించింది. "ఎవరి బొక్కలో ఏందో... దేవుని మొఖం మీద పెడ్తరా?"
కడుగుతానులే అన్నాను. మా ఆవిడకు అన్నీ అనుమానాలే.

15
వేడినీళ్లు, చాకలి సోడా. గీకాను. ఎముకలు పోయి తళతళలాడింది. రంగు వేస్తే — తామరాకు మీద నీళ్లే. రంగు పట్టే పొరను కూడా గీకి పారేశాను. ఇరవై ఏళ్ల పనివాణ్ణి. బుద్ధి గడ్డి తింది.

18
రెండో ఫిల్ము. గీకలేదు. ఫొటోల నలుపు తగ్గించే మందులో నానబెట్టాను. బొమ్మ పోయింది, పొర ఉంది. కానీ ఫిల్ముదే నీలం ఛాయ — పసుపు వేస్తే ఆకుపచ్చ తేలింది. కడిగి మళ్లీ. కాస్త ఎరుపు కలిపితే తేనె రంగు.

21
మండపంలో పూజ చేసే పంతులు చూశాడు. "మంచిగున్నది గని, కండ్లు కానొస్తలేవు. దేవుడు మనల్ని సూడాలె గద."
కోపం వచ్చింది. అన్నది నిజమే.

22
పైన ముదురు. కిందికి పలచన. కళ్ల దగ్గర ఏమీ లేనట్టు. తడి దూదితో, ఊపిరి బిగబట్టి. ఇంత బాగా నా చేతికి ఎప్పుడూ రాలేదు.

చవితి
అద్దాన్ని రెండు చిన్న స్క్రూలతో నేనే బిగించాను. పక్క ఊరు బీర్కూర్ నుంచి కూడా జనం. ఒక ముసలవ్వ అంటోంది — "కండ్లల్ల పొద్దు పొడిచినట్టున్నది బిడ్డా." చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సంతోషంగా ఉంది. రాసుకుంటే తప్పేముంది.

ఎనిమిదో రోజు
ఇంట్లో పెట్టుకోవడానికి ఇంకొకటి చేద్దామని కూర్చున్నాను. మూడుసార్లు. మూడుసార్లూ మచ్చలే.

పదో రోజు
రేపు మంజీర నదిలో నిమజ్జనం. అద్దం నేను తీసుకోవచ్చా అని శ్రీనును అడిగాను. "తీస్కో అన్నా. ఎట్లైనా మంజీరలనే పోతది గద."
సుశీల విన్నది. "దేవునికి పెట్టినంక మనదా అది? ఒంటి మీదికెళ్లి తీసుకొస్తరా?"
చేసిన వాటిలో ఒక్కటైనా నా దగ్గర ఉండాలని ఉంది. అంతే.

పదకొండో రోజు
లారీ వచ్చింది. హారన్ కొడుతున్నారు. అలంకారం సర్దడానికి నన్నే పైకి ఎక్కమంటున్నారు. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకున్నాను. సుశీల చూసింది. ఈసారి ఏమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది...