ఒకటో తారీఖున పుట్టినవాళ్లం

జూన్ 8
విజయనగరంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు. నా కుడి తుంటి కీలు పుట్టినప్పటి నుంచీ గూటిలో లేదట. నడక వచ్చిన కొత్తలో ఎవరైనా ఒక్క ఎక్స్‌రే తీసి ఉంటే పిండికట్టుతో కుదిరిపోయేదట. ఇప్పుడు కీలే మార్చాలి.

ఇన్నేళ్లూ కుంటిగౌరిని. గ్రహణంలో అమ్మ బయటికొచ్చిందన్నారు. పోయిన జన్మలో ఎవర్నో కాలితో తన్నానన్నారు. కాదు. ఎవరి తప్పో తెలిసింది. వాడికి మెయిన్ రోడ్డు మీద బోర్డు కూడా ఉంది — పిల్లల డాక్టరు అని.

జూన్ 9
జనపనార మిల్లులో ఎనిమిది గంటలు నిలబడ్డాను. నార కండె నిండి మార్చిన ప్రతిసారీ వాడి పేరు అనుకున్నాను. గారు లేకుండా.

జూన్ 12
అమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత మందుల చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది. వాడి రాతే. అక్టోబరు తేదీ. పాప, పద్నాలుగు నెలలు. నడక తేడా. కింద చుక్కల మందు. అంతే.

ఒక కాలు పొట్టిగా ఉన్నాది బాబూ అని అమ్మ చెప్పిందట. నవ్వాడట. తొలిచూలు బిడ్డ కదా, అన్నీ భయాలే అన్నాడట. మూడుసార్లు ఎత్తుకెళ్లింది. మూడుసార్లూ అదే నవ్వు. ఎక్స్‌రే మిషను పక్క గదిలోనే ఉంది.

ఇంకో డాక్టరుకి చూపించలేకపోయావా అన్నాను. అమ్మ ట్రంకు మూత వేసేసింది. అనకూడని మాట. అన్నాను.

జూన్ 16
లాయరు మేడం దగ్గరికి వెళ్లాను. నేను ఫోన్లో చూసి తెలుసుకున్నది సరిగ్గానే ఉందంది. పసితనంలో జరిగినదానికి మేజరయ్యాక రెండేళ్ల లోపు వినియోగదారుల కోర్టులో వెయ్యాలి. అంటే ఇరవై నిండేలోపు. టెన్త్ సర్టిఫికెట్ ఇచ్చాను. చూసి కళ్లద్దాలు తీసేసింది. దీని ప్రకారం నీకు ఇరవై ఒకటి, ఏడాది కిందటే గడువు పోయింది అంది.

జూన్ ఒకటి. మా క్లాసులో పదహారు మందిమి జూన్ ఒకటినే పుట్టాం. అమ్మా నాన్నా ఊడ్పులకు పోతే నన్ను చూసేవాళ్లు లేరు. బళ్లో అయితే అన్నం, గుడ్డు. ఐదేళ్లు నిండితేనే చేర్చుకుంటారు. నాన్న నిండాయన్నాడు. మాస్టారు జూన్ ఒకటి వేశాడు. అందరి నాన్నలూ అదే అన్నారు, అందరికీ అదే వేశాడు. నాకు అప్పటికి నాలుగు కూడా లేవు. శ్రావణంలో పుట్టాను, ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. పంచాయతీలో రాయించినవాడు లేడు.

చీటీ ఇచ్చాను. మేడం వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. దీని ప్రకారం ఆగస్టులో ఇరవై నిండుతాయి, రెండు నెలలుంది అంది. మళ్లీ ఆగి — "తల్లి చెప్పిన వయసు రాశానంటాడు డాక్టరు. బడి రిజిస్టరులో సంతకం మీ నాన్నది. తప్పు చెప్పానని ఆయనే ప్రమాణపత్రం ఇవ్వాలి."

జూన్ 17
గట్టు తగాదా వస్తే ఊళ్లో నాన్ననే పిలుస్తారు. ఆయన చూపించిన చోట రాయి పాతుతారు. రెండో మాట ఉండదు.

"నా మాట మీద ఊళ్లో గట్లు నిలబడ్డాయే. అబద్ధమాడేనని కాయితం మీద రాసియ్యమంతావేటి?"

"గట్లు నిలబడ్డాయి నాన్నా. నేనే నిలబడలేకపోతన్నాను."

కండువా దులిపి వెళ్లిపోయాడు. ఊరి గట్లన్నీ వంకరైపోవాలి.

జూన్ 25
మాస్టారు రిటైరై నరసన్నపేటలో ఉంటున్నాడు. వెళ్లాను. కాఫీ ఇప్పించాడు. నీ ఒక్కదానికి రాసిస్తే మిగతా పదిహేను మందీ రారేటి అన్నాడు. ఒకడు పోలీసట. ఒకతె అంగన్‌వాడీ. అందరి ఉద్యోగాలూ ఆ ఒకటో తారీఖు మీదే నడుస్తున్నాయి.

నాది కూడా. మిల్లులో చేరేటప్పటికి నాకు పదిహేడే. ఈ సంగతి బయటపడితే మిల్లువాళ్లు ఏం చేస్తారో... చెయ్యనీ.

జూలై 6
వాడి నర్సింగ్ హోముకి వెళ్లాను. పాత రిజిస్టర్లు చెదలు తినేశాయట. టోకెన్ తీసుకుని పిల్లల మధ్య కూర్చున్నాను, నా వంతు వచ్చింది. చీటీ జిరాక్సు టేబులు మీద పెట్టాను. చదివాడు. నా కాలు వంక చూడలేదు. ఊరు, నాన్న పేరు చెప్పి, కేసు వేస్తున్నానన్నాను.

"మీ నాన్న పెద్దమనిషమ్మా. ఆయనకి తెలిసే వచ్చావా?"

  బల్ల మీద ఇత్తడి గణపతి ఉంది, దాన్ని తీసి కొట్టాలనిపించింది.

జూలై 21
నాన్న సంతకం పెట్టడు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. అన్నం అమ్మే పెడుతుంది ఇద్దరికీ, వేరువేరు వేళల్లో.

జూలై 28
అమ్మ నాతో బస్సెక్కింది. చెప్పకుండానే. మేడం ముందు, ప్రమాణపత్రం మీద వేలిముద్రకి బొటనవేలు చాపింది.

"కన్నదాన్ని నేను. ఏ నాడు కన్నానో నాకు తెలవదేటి? బళ్లో ఆయన అబద్ధం సెప్పినప్పుడు పక్కనే ఉన్నాను, అదీ రాయండి."

తిరుగు బస్సులో సిరా వేలు చీర కొంగుకి తుడుచుకుంటూనే ఉంది. ఆ రోజు నేనన్న మాటకి క్షమించమని అడగాలి. అడగలేదు.

ఆగస్టు 5
కేసు వేశాం. నంబరు వచ్చింది.

అక్టోబరు 30
అవతలివాళ్ల జవాబు వచ్చింది. పుట్టిన తేదీ జూన్ ఒకటేనట, కేసు చెల్లదట. సాక్షి పేరు చదివి మేడం కాయితం నా వైపు తిప్పింది. నాన్న పేరు.

మా సాక్షి కాదు. డాక్టరు సాక్షి.

తెలివైనవాడు ఆ డాక్టరు. నాన్న మాట తప్పడని ఊరంతా చెప్పుకుంటుంది, వాడూ విన్నాడు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలంటే నాన్న అబద్ధం చెప్పాలి. నిజం చెబితే, రేపట్నించి గట్టు మీదికి ఎవడూ పిలవడు.

నవంబరు 2
మిల్లులో సూపర్‌వైజరు అడిగాడు — ఏటే గౌరీ, మీ ఇంట్లో వాళ్లే మీ మీద సాక్షులా? నలుగురు నవ్వారు. నా మిషను ఆపేసి వాడు పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

నవంబరు 16
రేపు వాయిదా. నాన్న గడ్డం గీయించుకుని వచ్చాడు. తెల్ల పంచె ఉతికిపెట్టమని అమ్మకి చెప్పాడు. ఏం చెప్పబోతున్నాడో అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమో.

గుమ్మంలో నిలబడి, బస్సెన్నింటికే అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాతో మొదటి మాట. ఏడున్నరకి అన్నాను.

"నీకు కూకోడానికి సీటు దొరుకుతాదా?"

ఇన్నేళ్లలో ఆ కాలు గురించి ఆయన అడగడం ఇదే మొదటిసారి. ఇప్పుడు, ఈ పూట.

వాయిదా కాయితాలు సంచిలో సర్దుకున్నాను. ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.